అనధికార కొసరు

అసిరమ్మ కుడిచేతికి ఒక జబ్బుంది. కూర అమ్మి డబ్బు తీసుకున్నాక, కొన్నవాళ్ల సంచి ఇంకా తెరిచే ఉందంటే చాలు, ఆ చెయ్యి దానంతట అదే పక్కనున్న బుట్టలోకి పోతుంది. రెండు కరివేపాకు రెమ్మలు, ఒక పచ్చిమిరపకాయ, పిసరంత కొత్తిమీర పట్టుకొచ్చి సంచిలో పడేస్తుంది. అసిరమ్మకు తెలిసేలోపే పని అయిపోతుంది. దీన్ని కొసరంటారు. వాళ్లమ్మకూ ఈ జబ్బు ఉండేది. వాళ్ల అమ్మమ్మకైతే ఇంకా ముదిరిపోయి, ఒక్కోరోజు వంకాయ కూడా వేసేసేదట.

నాగావళి ఒడ్డున ఒక పట్నం ఉంది. పేరు చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు గనక చెప్పను. ఆ పట్నం రైతు బజారులో పద్నాలుగో నంబరు గట్టు అసిరమ్మది. ఊరి చివర కౌలుకు తీసుకున్న కాస్త నేలలో తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర పండించి, పొద్దున్నే తడిగుడ్డ కప్పిన తట్టలో తెచ్చి ఆ గట్టు మీద పెడుతుంది. పదిహేడేళ్లుగా అదే గట్టు, అదే గోనెపట్టా. మొగుడు పోయినా, మోకాళ్లు పోయినా ఆ గట్టు మాత్రం పోలేదు. బజారంటే ఆమెకు ఆ నాలుగు అడుగుల సిమెంటే.

ఆ ఊళ్లో కూరలు కొనే పద్ధతి ఒకటుంది. డబ్బులిచ్చాక సంచి మూయరు. రెండుచేతులా తెరిచి పట్టుకుని, ఎటో చూస్తూ, ఏమీ అడగనట్టు నిలబడతారు. కొసరు పడ్డాక మూస్తారు. కలెక్టరాఫీసు గుమాస్తా అయినా, నాలుగిళ్లలో అంట్లు తోముకునే దాలమ్మ అయినా అంతే. కొసరు పడకుండా సంచి మూసినవాణ్ని ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

ఇలా ఉండగా, పేదవాళ్లు ఆకుకూరలు తినడం లేదన్న సంగతి ప్రభుత్వంవారికి తెలిసింది. ఎక్కడో ఒక పెద్ద హోటల్లో రెండురోజులు కూర్చుని చర్చించారు. మొదటిరోజు మధ్యాహ్నం బిర్యానీ తిని, అయ్యో, పేదవాళ్లు ఆకుకూరలు ఎందుకు తినడం లేదని బాధపడ్డారు. రెండోరోజు మధ్యాహ్నం పులావు తిని, కొనే స్తోమత లేక తినడం లేదని తేల్చారు. విచిత్రమేమిటంటే, తేల్చింది నిజమే.

అలా పుట్టింది ‘హరిత పళ్లెం’ పథకం. తెల్లకార్డు ఉన్నవాళ్లు ఒక కట్ట ఆకుకూర కొంటే, ఇంకో కట్ట ఉచితం. ఆ రెండో కట్టను ప్రోత్సాహక కట్ట అంటారు. దాని ఖరీదు అమ్మినవాళ్లకు ప్రభుత్వమే ఇస్తుంది. ఉన్నమాట చెప్పుకోవాలి గదా, మంచి పథకమే. దాలమ్మ ఏళ్ల తరబడి ఒక్క తోటకూర కట్టతో అయిదుగురికి సరిపెట్టేది. పథకం వచ్చిన మొదటివారం పాలకూర కూడా పట్టుకెళ్లింది. రెండోవారం బచ్చలికూర ముట్టుకుని, “ఓలప్పా, దీన్ని కందతో వండుతారు గదేటి, మాయమ్మ వండేది” అని మురిసిపోయింది. అక్కడితో వదిలేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ పథకమన్నాక పర్యవేక్షణ ఉండాలి. పర్యవేక్షణకు మృత్యుంజయరావుగారు వచ్చారు. ఆయన హోదా ‘ప్రాంతీయ పోషకాహార ప్రోత్సాహక పర్యవేక్షణ మరియు మూల్యాంకనాధికారి’. బజారు గేటు దగ్గర బోర్డు రాయించబోతే ‘మరియు’ దగ్గరికి వచ్చేసరికి రేకు అయిపోయింది. మిగతాది ఇంకో రేకు మీద రాసి రెండో గేటుకు తగిలించారు. మనిషి నిప్పు. లంచం తినడు. ఆ మాటకొస్తే ఆకుకూరా తినడు, గ్యాసు చేస్తుందని. అలాంటి నిజాయితీపరుడు నిఘాకు దిగితే ఏమవుతుందో పద్నాలుగో నంబరు గట్టు ముందు ఒక మంగళవారం తెలిసింది.

దాలమ్మ తోటకూర కొంది. ప్రోత్సాహక కట్ట తీసుకుంది. సంచి తెరిచి పట్టుకుని ఆకాశంకేసి చూసింది. అసిరమ్మ చెయ్యి బుట్టలోకి పోయి, గుప్పెడు కరివేపాకుతో బయటికొచ్చి, సంచిలో ఖాళీ అయింది.

“ఆగుము!” అన్నారు మృత్యుంజయరావుగారు. “ఏమ్మా, ఇప్పుడు లబ్ధిదారు సంచిలో నీవు జారవిడిచిన పదార్థమేమిటి?”

“కరేపాకు బావు.”

“ఆమె కొన్నదా?”

“నేదు.”

“ప్రోత్సాహక కట్టలో భాగమా?”

“నేదు బావు. కొసరు.”

“కొసరు,” అని ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. “ఏ పథకం కింద?”

అసిరమ్మ దాలమ్మ వైపు చూసింది. దాలమ్మ అసిరమ్మ వైపు చూసింది.

“పతకవేటీ నేదు బావు. మాయమ్మ ఎట్టేది, నానూ ఎడతన్నాను.”

“అనగా వంశపారంపర్య పథకం. మార్గదర్శకాలున్నాయా?”

“ఏటీ?”

“ఎవరికి ఎంత ఇవ్వవలెనను నియమములు.”

“ఓ, అయ్యా! ఉన్నాయి బావు. నవ్వుతా కొన్నోల్లకి రొండు రెమ్మలు. బేరవాడి పేనం తీసినోల్లకి ఒకటి. దాలమ్మకి గుప్పెడు.”

“దాలమ్మకు గుప్పెడెందుకు? అర్హతా ప్రమాణమేమి?”

అసిరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. “దాలమ్మ గదా బావు,” అంది.

ఆయన పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. గడి ఖాళీగా ఉంటే మృత్యుంజయరావుగారికి అన్నం సహించదు. ఆయన బాధ ఆయనది. ఆరునెలలకు ఈ పేదవాళ్ల ఒంట్లో రక్తం ఎంత పెరిగిందో కొలిచి పైకి పంపాలి. పెరిగిందే అనుకోండి. అది ప్రభుత్వం ఇచ్చిన కట్టవల్ల పెరిగినట్టా, అసిరమ్మ పడేసిన కరివేపాకువల్ల పెరిగినట్టా? కీర్తి ఎవరికి చెందాలి? ఒక ముసలామె తన గుప్పిటతో ప్రభుత్వ గణాంకాలను కలుషితం చేస్తూ ఉంటే చూస్తూ ఊరుకోవడం ఎలా?

ఆయన పైకి రాశారు. పైనుంచి పదిరోజుల్లో ఉత్తర్వు దిగింది.

‘ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, కొసరు అను పేరిట కొందరు విక్రేతలు అనధికార సమాంతర ప్రోత్సాహకమును నడుపుచున్నట్లు ప్రభుత్వము దృష్టికి వచ్చినది. ఇట్టి చర్య తక్షణమే నిలుపవలెను. మొదటి తప్పునకు హెచ్చరిక. రెండవ తప్పునకు తుది హెచ్చరిక. మూడవ తప్పునకు గట్టు రద్దు.’

మంగళవారంనాటిది మొదటి తప్పుగా రాసుకున్నారు. తప్పని తెలియకముందు చేసింది తప్పెలా అవుతుందని అసిరమ్మ అడిగితే, “ఉత్తర్వు నేడు వచ్చినను, తప్పు నాడే వచ్చినది” అన్నారు మృత్యుంజయరావుగారు.

అసిరమ్మ గుండెల్లో రాయి పడింది. కూర పోతే మళ్లీ పండుతుంది. గట్టు పోతే? ఆ మోకాళ్లతో తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరగగలదా? ఆ రోజునుంచి కరివేపాకు బుట్టను గట్టుకు ఆ చివర పెట్టి పైన గోనె కప్పింది. చెయ్యి మాత్రం పాతచోటికే పోయి, ఖాళీ సిమెంటును తడిమి వెనక్కొచ్చేది.

ఇక బజారు అవస్థ చూడాలి. జనం కూర కొన్నారు. ప్రోత్సాహక కట్ట తీసుకున్నారు. సంచులు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. వెనకవాళ్లు “జరగండమ్మా” అంటే, “ఇంకా అవలేదు” అన్నారు. తొమ్మిదింటికల్లా వరుస గేటు దాటి, రోడ్డు దాటి, అవతల చెప్పుల దుకాణంలోకి వెళ్లింది. చెప్పులాయన తన బేరమే అనుకుని నలుగురికి కొలతలు కూడా తీశాడు.

“కట్టకి కట్ట ఇచ్చినారు గదే, ఇంకేటి కావాల?” అని అసిరమ్మ దాలమ్మను బతిమాలింది.

“అది గవర్మెంటోలు ఇచ్చినారు. నువ్వేటి ఇచ్చినావప్పా?” అంది దాలమ్మ.  అసిరమ్మ మనసు చివుక్కుమంది.

ఇంకేముంది, గేటు బయట తోపుడుబండ్లవాళ్లకు పండగయింది. వాళ్ల దగ్గర ప్రోత్సాహక కట్ట లేదు గానీ కొసరుంది. జనం ఉచిత కట్టను వదులుకుని, రెండు రెమ్మల కరివేపాకు కోసం బండ్ల దగ్గర మూగారు. చదువుకున్నవాళ్లు దీన్ని తెలివితక్కువతనం అంటారు. అనే ముందు వాళ్లు కూడా సంచి తెరిచి పట్టుకునే ఉన్నారు.

రెండో తప్పు ఎలా జరిగిందో చెబితే నమ్మరు. నిషేధం సరిగా అమలవుతోందో లేదో కనిపెట్టడానికి మృత్యుంజయరావుగారు తన ఆఫీసు అటెండరు త్రినాథను మారువేషంలో పంపారు. మారువేషమంటే లుంగీ. త్రినాథ పాలకూర కొన్నాడు. సంచి తెరిచి నిలబడ్డాడు. అది నటన కాదు, అలవాటు. కొత్త మొహం, ఎండలో చెమట్లు కక్కుతున్నాడు. అసిరమ్మకు జాలేసింది. జాలి వేసిన క్షణంలో గోనె ఎప్పుడు తొలగిందో, చెయ్యి ఎప్పుడు పోయిందో, కరివేపాకుతోపాటు రెండు మిరపకాయలు కూడా పడ్డాయి. త్రినాథ సంచి మూసి, హాయిగా ఇంటికెళ్లిపోయాడు. తను వచ్చిన పనేమిటో భోజనం చేస్తుంటే గుర్తొచ్చింది.

“సాక్ష్యమేదిరా?” అన్నారు మృత్యుంజయరావుగారు.

“చారులో ఏసీసినాది సార్, మా ఆవిడ.”

“మొత్తమా?”

“మొత్తం సార్. చారు బాగుంది సార్.”

సాక్ష్యం పోయినా నేరం పోదు గదా. అప్పటికప్పుడు ఉత్తర్వుకు సవరణలు తెప్పించారు. సంచిలో పడిన కొసరును తిరిగి తీసుకోరాదు, తిరిగి ఇవ్వరాదు. తప్పు నమోదు కావాలంటే కొసరు పొందినవారు నోటీసు మీద సంతకం పెట్టాలి. అలా సంతకం పెట్టినవారు పథకం నడిచే ఏ రైతు బజారులోనూ ఆరునెలలపాటు అడుగుపెట్టరాదు. త్రినాథ ప్రభుత్వోద్యోగి, పెట్టమన్నచోట పెట్టాడు. అసిరమ్మకు రెండో తప్పు పడింది. త్రినాథకు బజారు నిషేధం పడింది. నిఘా ఉద్యోగం మాత్రం అలాగే ఉండటంవల్ల, పాపం, గోడ బయట స్టూలేసుకుని ఎక్కి తొంగిచూస్తూ విధులు నిర్వర్తించేవాడు.

బజారులో అమ్మకం సగానికి సగం పడిపోయిందని పైవాళ్లకు తెలిసింది. పైన డైరెక్టరమ్మగారు ఉంటారు. ఆవిడ వెంటనే నిపుణుల సంఘం వేశారు. సంఘం మూడువారాలు తిరిగి, ‘కొసరు లేనిచో జనులు కొనుట లేదు’ అని కనిపెట్టింది. దాలమ్మను అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేది. కానీ దాలమ్మకు దినభత్యం రాదు గదా.

అయితే నిషేధం ఎత్తెయ్యాలా? ఎత్తేస్తే ప్రభుత్వం తప్పు చేసినట్టవుతుంది. అందుకని ప్రభుత్వమే కొసరు వేయాలని నిర్ణయించారు. ‘అధికారిక కొసరు’ అమల్లోకి వచ్చింది.

అధికారిక కొసరు బరువు పదకొండు గ్రాములు. మామూలు కాటా మీద అంత తక్కువ తూగదు గనక బంగారం తూచే కాటా తెప్పించారు. కరివేపాకు రెమ్మకు ఆకులు సరిగా పదకొండు గ్రాములకు రావు గదా, ఆఖరి ఆకును కత్తెరతో కత్తిరించేవారు. కొసరు కావలసినవారు దరఖాస్తు నింపాలి. నాలుగు పేజీలు. ఆదాయ ధ్రువపత్రం జతచేయాలి. ‘కొసరును ఏ వంటకములో వినియోగించెదరు’ అన్నచోట వివరంగా రాయాలి. దాలమ్మ రాయించుకున్న దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది, ‘పప్పు’ అని మాత్రమే రాసిందిట, ఏ పప్పో చెప్పలేదుట.

మూడోసారి అన్నీ కుదిరాయి. వేలిముద్ర యంత్రం దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఆగింది. ముప్పయ్యేళ్లు అంట్లు తోమిన వేళ్లు, గీతలెక్కడ మిగులుతాయి? యంత్రం ఎర్రదీపం వెలిగించి, అలాంటి మనిషే లేదంది.

“ఇక్కడే ఉన్నాను గద బావు,” అంది దాలమ్మ.

“నీవున్నావు. కానీ నీవు నీవేనని రుజువు కాలేదు,” అన్నారు మృత్యుంజయరావుగారు ఎంతో సానుభూతిగా. పదోసారికి చిటికెనవేలు పడింది. అప్పటికి ఆమె పదకొండు గ్రాముల కరివేపాకు ఎండలో వాడి తొమ్మిది గ్రాములయింది. తూకం తేడా వచ్చింది గనక కేసు మళ్లీ మొదటికొచ్చింది.

ఇక్కడితో ఆగారా? నిపుణుల సంఘానికి ఇంకో వారం గడువు మిగిలిపోయింది. ఏం చెయ్యాలో తోచక ఇళ్లలోకి వెళ్లి, జనం తిని లేచిన కంచాలు పరీక్షించింది. నూటికి తొంభైనాలుగు కంచాల్లో కరివేపాకు ఏరి పక్కన పెట్టేసి ఉంది. ప్రభుత్వం గ్రాములు తూచి ఇచ్చిన పోషకాలు కంచం అంచుకు అంటుకుని కనబడేసరికి సంఘం అధ్యక్షులవారికి కళ్లనీళ్లు తిరిగాయట. ఆయన ఇంట్లో కంచం మాత్రం ఎవరూ చూడలేదు.

మర్నాటినుంచి బజారులో ‘నమలు కేంద్రం’ తెరిచారు. కొసరు తీసుకున్నవారు అందులో సగం అక్కడే నమిలి, మింగి, మృత్యుంజయరావుగారికి నాలుక చూపించాలి. నాలుక మీద పచ్చదనం కనబడితే ముద్ర వేస్తారు. నాలుక మీద కాదు లెండి, కాగితం మీద.

“కరేపాకు ఎవులన్నా నములుతారేటి బావు? అది వాసనకి, గుమాయింపుకి గదా,” అని దాలమ్మ మొరపెట్టుకుంది.

“గుమాయింపులో పోషకములు లేవు,” అన్నారాయన. “నములుము.”

దాలమ్మ నమిలింది. ఆమె వెనక పదిమంది ఆడవాళ్లు నమిలారు. గోడ పైనుంచి త్రినాథ చూసి గుటకలు మింగాడు. అసిరమ్మ తన గట్టు మీద కూర్చుని ఇదంతా చూసింది. గుప్పెడు కరివేపాకు నవ్వుతూ పట్టుకెళ్లే మనిషి, పశువులా నిలబడి నోరు తెరిచి చూపించాల్సి వచ్చిందే! ఛీ, ఏం పాడుకాలమే ఇది అనుకుంది. పైకి అనడానికి ధైర్యం చాలలేదు. ఇంకొక్క తప్పు పడితే గట్టు పోతుంది.

అలాంటి సమయంలో డైరెక్టరమ్మగారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. టీవీ వాళ్లు కూడా వస్తారట. పద్నాలుగో నంబరు గట్టు దగ్గర ఆవిడ ఆకుకూర కొనగా ఫొటో తీస్తారట. మృత్యుంజయరావుగారు అసిరమ్మను పిలిచి, “ఏమ్మా, రెండు తప్పులు నీ పేర ఉన్నవి. మూడవది డైరెక్టరు సమక్షమున జరిగినచో...” అని వాక్యం పూర్తి చేయలేదు. ఆయనకూ కాస్త దిగులుగానే ఉన్నట్టుంది.

తనిఖీ రోజు పొద్దున అసిరమ్మ పాతచీర అంచు చింపి దాలమ్మ చేతికిచ్చింది. “ఓలే దాలీ, నా కుడిసెయ్యి నడుముకి కట్టీ.”

“ఎందుకప్పా?”

“నా మాట వినదే ఇది. దీన్ని నమ్ముకుంటే గట్టు పోద్ది.”

దాలమ్మ కళ్లు తుడుచుకుంటూ కట్టింది. రెండు ముళ్లు వేసింది. నొప్పెడుతుందేమోనని బిగించలేదు.

పదకొండింటికి కార్లొచ్చాయి. డైరెక్టరమ్మగారు దిగారు, వెనకే నిపుణుల సంఘమూ దిగింది. ఆవిడది గొప్ప నేతచీర, మెడలో గుర్తింపుకార్డు, చేతిలో జనపనార సంచి. మాట్లాడితే ‘క్షేత్రస్థాయి’ అంటారు. బంగారం కాటా చూసి, “క్షేత్రస్థాయిలో ఖచ్చితత్వం” అన్నారు. నమలు కేంద్రం చూసి, “క్షేత్రస్థాయిలో పారదర్శకత” అన్నారు. పద్నాలుగో నంబరు దగ్గరికి వచ్చి, “గోంగూర ఎలా ఇస్తున్నావమ్మా?” అన్నారు. ఆ ఒక్కమాట మాత్రం మనిషిలా అడిగారు.

అసిరమ్మ ఎడంచేత్తో లేతవి చూసి రెండు కట్టలిచ్చింది. డైరెక్టరమ్మగారు డబ్బిచ్చారు. కెమెరాలు టకటకలాడాయి. చప్పట్లు కొట్టారు. పని అయిపోయింది. అందరూ కార్లవైపు కదిలారు.

డైరెక్టరమ్మగారు కదల్లేదు. సంచి రెండుచేతులా తెరిచి పట్టుకుని, ఆకాశంకేసి చూస్తూ, ఏమీ అడగనట్టు నిలబడ్డారు.

“మేడమ్, కారు...” అన్నారెవరో.

ఆవిడకు వినబడలేదు. ఆవిడ ఆ క్షణంలో డైరెక్టరు కాదు. కూరలు కొనుక్కుని ఇంటికెళ్లబోయే ఆడమనిషి, అంతే. నిపుణులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడమ్ గారు ఏదో విధానపరమైన ఆలోచనలో ఉన్నారని ఒకాయన గుసగుసలాడాడు. ఆవిడ ఎందుకు నిలబడిందో ఆ నిపుణులకు తప్ప బజారందరికీ తెలిసింది, అందరికన్నా ముందు అసిరమ్మకు.

అసిరమ్మ కళ్లు మూసుకుంది. చూడకుంటే సరిపోతుందనుకుంది. పదిహేడేళ్ల గట్టు కళ్లముందు తిరిగింది. తల్లి మొహం తిరిగింది. కళ్లు తెరిచేసరికి సంచి ఇంకా తెరిచే ఉంది. నడుము దగ్గర ఏదో కదిలింది. దాలమ్మ వేసిన ముడి మెత్తగా జారిపోయింది. చెయ్యి బుట్టలోకి పోయింది. మూడు రెమ్మల కరివేపాకు, రెండు మిరపకాయలు, కొత్తిమీర. సంచిలో పడ్డాయి.

డైరెక్టరమ్మగారు తృప్తిగా సంచి మూసి కారువైపు అడుగేశారు.

 మృత్యుంజయరావుగారి మొహం పాలిపోయింది. కానీ చెప్పాను గదా, మనిషి నిప్పు. నోటీసు పుస్తకం తీశారు. “మూడవ తప్పు,” అని రాశారు. “పద్నాలుగవ నంబరు గట్టు రద్దు.”

“అయిపోనాది,” అంటూ అసిరమ్మ గట్టు మీద చతికిలపడి, ఆ పాడుచేతినే మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. “నా గట్టు పోనాది దాలీ!”

“ఏటి పోయేది? అయమ్మే సంచి తెరిసినాది గదేటి! అందరూ సూసినారు!” అని దాలమ్మ అరిచింది. పచ్చనాలుక ఎండలో మెరిసింది.

మృత్యుంజయరావుగారు నోటీసు తీసుకుని, కారు దగ్గరికి వెళ్లి, వినయంగా కలం చాచారు. “మేడమ్, ఇచ్చట తమ సంతకము.”

“ఏమిటిది?”

“‘కొసరు పొందినవారి సంతకం’ అను గడి, మేడమ్.”

ఆవిడ చదివారు. సంచిలోకి చూశారు. కరివేపాకు బయటికి తొంగిచూస్తోంది. మళ్లీ చదివారు. సంతకం పెడితే పథకం నడిచే ఏ బజారులోనూ ఆరునెలలు అడుగుపెట్టకూడదు. ఆవిడ ఉద్యోగమే ఆ బజార్ల తనిఖీ.

“ఈ అర్థం లేని నియమం ఎవరు పెట్టారు?”

“తమరే, మేడమ్. పదిహేనవ తేదీన.”

“పోనీ తిరిగిచ్చేస్తాను.”

“సంచిలో పడినది తిరిగి ఇవ్వరాదు మేడమ్. అది పదహారవ తేదీన.”

గోడ పైనుంచి త్రినాథ, “స్టూలు నాకు ఇంకోటి ఉంది మేడమ్” అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు పాపం.

కెమెరాలు తిరిగాయి. డైరెక్టరమ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకున్నారు. “ఇది కొసరు కాదు,” అన్నారు.

“మరి ఏమిటి మేడమ్?”

“ఇది... పడింది.”

“ఎటులు మేడమ్?”

“గాలికి.”

ఆ రోజు గాలి లేదు. నాగావళి ఒడ్డున ఆకు కదల్లేదు. చొక్కాలన్నీ చెమటకు వీపులకు అతుక్కుపోయి ఉన్నాయి. అయినా నిపుణుల సంఘం అధ్యక్షులవారు వెంటనే తలమీద జుట్టు సవరించుకుని, “అవును, బాగా వీస్తోంది” అన్నారు. మిగతా నిపుణులు పంచెలు, పైటలు పట్టుకున్నారు. గాలి ధాటికి ఒకాయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మృత్యుంజయరావుగారు ఆ ఖాళీ గడివైపు చూశారు. సంతకం లేని నోటీసు చెల్లదు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

వారానికి కొత్త ఉత్తర్వు వచ్చింది. ‘కరివేపాకు, కొత్తిమీర మొదలగు తేలికపాటి ఆకులు గాలికి ఎగిరి కొనుగోలుదారుల సంచులలో పడు అవకాశము కలదు. సదరు ప్రకృతి పరిణామమునకు విక్రేతలను బాధ్యులను చేయరాదు.’ పచ్చిమిరపకాయ అంత తేలిక కాదు గదా అని మృత్యుంజయరావుగారు వివరణ కోరితే, ‘ఈదురుగాలి’ అని ఒక్క మాటలో జవాబొచ్చింది. బంగారం కాటా ఆఫీసుకు పోయింది. నమలు కేంద్రం గదిలో ఇప్పుడు గోనెసంచులు పెడుతున్నారు. త్రినాథ గోడ దిగాడు గానీ ఆరునెలలు పూర్తయ్యేదాకా లోపలికి రానివ్వలేదు, వాళ్లావిడే వచ్చి కొనుక్కెళ్లింది.

ప్రోత్సాహక కట్ట మాత్రం అలాగే ఉంది. మంచి పథకమని మొదటే చెప్పాను. దాలమ్మ బచ్చలికూరకు జతగా కంద కొనుక్కుని, సంచి తెరిచి, ఆకాశంకేసి చూస్తుంది. పద్నాలుగో నంబరు దగ్గర గాలి ఏడాది పొడుగునా వీస్తూనే ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం, బజారు పల్చబడ్డాక, మృత్యుంజయరావుగారు ఒక్కరే వచ్చారు. చేతిలో నోటీసు పుస్తకం లేదు, గుడ్డసంచి ఉంది. “డాక్టరు ఆకుకూర తినమన్నాడమ్మా, రక్తం తక్కువుందిట,” అన్నారు మామూలు భాషలో. తోటకూర కట్ట తీసుకున్నారు. డబ్బిచ్చారు. తరవాత సంచి రెండుచేతులా తెరిచి పట్టుకుని, గేటుకు తగిలించిన తన బోర్డుకేసి చూస్తూ నిలబడ్డారు.

అసిరమ్మ చెయ్యి లేవబోయింది. ఈసారి మాత్రం ఆమె దాన్ని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుంది.

“ఏ పతకం కింద బావు?” అంది.

మృత్యుంజయరావుగారు అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. గొంతు తగ్గించి, “గాలేమైనా వేస్తుందేమోనని, అమ్మా” అన్నారు.

అసిరమ్మ పకపకా నవ్వి, చెయ్యి వదిలేసింది. దాలమ్మకు వేసినట్టే గుప్పెడు వేసింది.